హెడ్‌ఫోన్ వైరు మార్చడం ఎలా? తిప్పలంతా ఎనామిల్ పూత దగ్గరే

"అన్నా, ఒక దిక్కు వస్తలేదు" అంటూ నా దగ్గరికి వచ్చే హెడ్‌ఫోన్లలో స్పీకర్ పోయినవి చాలా తక్కువ. పోయేది వైరే. అదీ ఎక్కువగా రెండు చోట్ల తెగుతుంది. పిన్నుకి రెండు మూడు అంగుళాల లోపల, లేకపోతే చెవి మీద కూర్చునే కప్పులోకి వైరు దూరే మూల దగ్గర. స్పీకర్ నిక్షేపంగా ఉన్న హెడ్‌ఫోన్‌ని వైరు తెగిందని పారేయడం దండగ. తెగిన చోట తీగలు మెలేసి నల్ల టేపు చుట్టడం ఇంకా దండగ. నాలుగు రోజులు పాడుతుంది, ఆ తర్వాత గరగర మొదలై మళ్లీ అదే కథ.

నల్లగొండలో క్లాక్ టవర్ చుట్టుపక్కల పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్లు, గ్రూప్స్‌కి చదువుతూ రోజంతా క్లాసులు వినేవాళ్లు ఇప్పటికీ వైరు హెడ్‌ఫోన్లే వాడుతున్నారు. ఛార్జింగ్ గొడవ లేదు, మాట ఆలస్యంగా రాదు. సోనీ ఎండీఆర్-7506 లాంటిది 1991లో వచ్చింది, ఇంకా అమ్ముతూనే ఉన్నారు. దాని వైరు ఊడదీసి మార్చే రకం కాదు. తెగితే సోల్డరింగ్ చేయాల్సిందే.

ముందు ఎక్కడ తెగిందో తేల్చుకోండి. పాట పెట్టి పిన్ను దగ్గర వైరుని మెల్లగా వంచి చూడండి. వంచినప్పుడు శబ్దం వచ్చిపోతుంటే తెగింది అక్కడే. మూడు అంగుళాలు కోసేసి కొత్త పిన్ను వేస్తే చాలు, కప్పు విప్పనక్కర్లేదు. కప్పు దగ్గర వంచితే వస్తుంటే కప్పు విప్పాలి. ఇంకో రకం జబ్బు ఉంది. రెండు వైపులా మ్యూజిక్ వస్తుంది కానీ పాడేవాళ్ల గొంతు మాయమై ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. చాలామంది ఫోన్ సెట్టింగ్స్ పాడయ్యాయనుకుని రీసెట్ కొట్టేస్తారు. ఫోన్ తప్పేం లేదు, రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తీగ తెగింది. గ్రౌండ్ లేకపోతే రెండు స్పీకర్లకూ ఎడమ, కుడి శబ్దాల మధ్య ఉన్న తేడా మాత్రమే అందుతుంది. గొంతు రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది.

కావలసినవి: 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నటి 60/40 లెడ్డు (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం కలిసిన సోల్డర్ తీగ), సోల్డరింగ్ పేస్ట్, బీప్ కొట్టే మల్టీమీటర్, చిన్న కత్తెర, కటర్, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం), కొత్త పిన్ను, కొత్త వైరు. ఐరన్, లెడ్డు, పేస్ట్ నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా దొరుకుతాయి. మంచి పిన్ను, మెత్తటి వైరు కావాలంటే మాత్రం హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో చూసి తెచ్చుకోండి. పిన్ను మెటల్ బాడీదై ఉండాలి, మర తిప్పి విప్పేలా ఉండాలి. ఫోన్ జేబులో పెట్టుకునేవాళ్లు ఎల్ ఆకారం పిన్నే కొనాలి. నిటారు పిన్ను కొనుక్కుని మళ్లీ నా దగ్గరికి రాకండి.

వెండి పూసిన వైరు, ఆక్సిజన్ లేని రాగి అంటూ వేలు గుంజే వైర్లున్నాయి. వాటి జోలికి పోవద్దు. 1.2 మీటర్ల మామూలు రాగి వైరు రెసిస్టెన్స్ ఒక ఓమ్ కూడా దాటదు. 32 ఓమ్‌ల స్పీకర్ ముందు అదెంత? వైరులో చూడాల్సింది మెత్తదనం. బిరుసు వైరు చొక్కాకి రాసుకున్నప్పుడల్లా ఆ బరబర చెవిలోకి వస్తుంది. ఫోన్‌కైతే 1.2 మీటర్లు, కంప్యూటర్‌కైతే 2 మీటర్లు తీసుకోండి.

కప్పు విప్పడం పెద్ద పని కాదు. ప్యాడ్‌ని అంచు పట్టుకుని లాగితే వస్తుంది, కింద మూడు నాలుగు స్క్రూలుంటాయి. విప్పగానే ఏ రంగు తీగ ఎక్కడ అంటుకుని ఉందో ఫోటో తీసుకోండి. స్పీకర్ వెనక అయస్కాంతం ఉంటుంది, స్క్రూలు ఎగిరి దానికి అతుక్కుంటాయి. అందుకని వాటిని దూరంగా గిన్నెలో వేయండి. ఒకవైపే వైరు వచ్చే హెడ్‌ఫోన్ అయితే, అక్కడి నుంచి రెండో కప్పుకి తలమీద పట్టీలోంచి సన్నటి తీగలు వెళ్తాయి. వాటిని కదిలించవద్దు.

అసలు పని: పూత తీయడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. వైరు మార్చడం చేతకాలేదని వదిలేసినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయింది ఇక్కడే. పైగా తప్పెక్కడుందో తెలియక ఐరన్‌నీ లెడ్డునీ తిట్టుకుంటారు.

హెడ్‌ఫోన్ వైరు పైతొడుగు కోస్తే లోపల కరెంటు వైరులో లాగా ప్లాస్టిక్ చుట్టిన తీగలు చాలాసార్లు కనిపించవు. వెంట్రుకలంత సన్నటి పోగులు కనిపిస్తాయి. ఎరుపువి కొన్ని, ఆకుపచ్చవో నీలంవో కొన్ని, రాగి రంగువి కొన్ని. సాధారణంగా ఎరుపు కుడి చెవికి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ చెవికి, రాగి రంగు గ్రౌండ్‌కి. ఆ రంగే ఎనామిల్ పూత. ఒక తీగ ఇంకో తీగకి తగిలినా షార్ట్ కాకుండా కాపాడేది అదే. రాగి రంగులో ఉన్నవి వట్టి రాగి అనుకోవద్దు, వాటి మీద కూడా రంగులేని పూత ఉండొచ్చు.

ఈ పూత మీద లెడ్డు అంటదు. అంటినట్టు కనిపిస్తుంది, అదే మోసం. పోగుల చుట్టూ లెడ్డు గుండులా గట్టిపడుతుంది, లాగితే ఊడి కూడా రాదు. కానీ లోపల రాగికీ లెడ్డుకీ మధ్య పూత అలాగే ఉంటుంది. శబ్దం రాదు. లేదా పది పోగుల్లో రెండే అంటుకుని వస్తుంది, వారం తిరిగేసరికి ఆ రెండూ తెగుతాయి. "నువ్వు చేసింది నిలవలేదు" అనే మాట దీనివల్లే వస్తుంది.

పూత తీయడానికి జనం చేసేవి చూస్తే ఒళ్లు మండుతుంది. లైటర్ పెట్టి కాలుస్తారు. పూత పోతుంది నిజమే, దాంతోపాటు రాగి నల్లబడి పెళుసవుతుంది, తొడుగు కరిగి ముద్దవుతుంది. నల్లబడ్డ రాగి మీద లెడ్డు అంటడం ఇంకా కష్టం. బ్లేడుతో గీకితే సగం పోగులు తెగిపోయి చేతికొస్తాయి. గరుకు కాగితం లావు తీగలకి పనికొస్తుంది, వీటికి కాదు. సరైన పద్ధతి ఒక్కటే. కరిగిన లెడ్డులోనే పూతని కాల్చాలి. కరిగిన లెడ్డు గాలిని రాగికి తగలనివ్వదు, పూత పోయిన క్షణంలోనే దాని చోట లెడ్డు కూర్చుంటుంది.

ఈ పని హెడ్‌ఫోన్‌కి దూరంగా, వైరుని దేనికీ అతికించకముందే చేయాలి. పైతొడుగు ఒకటిన్నర సెంటీమీటర్లు తీసేయండి. కటర్‌ని గట్టిగా నొక్కకండి, చుట్టూ గీత పెట్టి వంచితే తొడుగు విడిపోతుంది. పోగుల మధ్య తెల్లటి దారం ఉంటుంది, వైరుకి బలం కోసం వేసే నైలాన్ లాంటిది. దాన్ని ఓపికగా విడదీసి మొదట్లోకి కత్తిరించేయండి. దారాన్ని వదిలేస్తే అది కరిగి, మాడి, పోగుల మధ్య మసిలా కూర్చుంటుంది. లెడ్డు లోపలికి వెళ్లదు. తర్వాత ఒక్కో రంగు పోగుల్ని విడిగా మెలేసి కొసని పేస్ట్‌లో ముంచండి.

ఐరన్ పూర్తిగా కాగాలి. 25 వాట్లదైతే ఐదారు నిమిషాలు వదిలేయండి. డిగ్రీలు పెట్టుకునే రకమైతే 380 నుంచి 400 మధ్య పెట్టండి. లెడ్డు 190 దగ్గరే కరుగుతుంది కదా అని 250లో పెడితే పూత కదలదు. ఐరన్ కొస శుభ్రం చేసి దాని మీద కందిగింజంత లెడ్డు చుక్క నిలబెట్టండి. ఇప్పుడు పోగుల కత్తిరించిన మొనని ముందుగా ఆ చుక్కలోకి పెట్టండి. మొనలో వట్టి రాగి ఉంటుంది, వేడి అక్కడినుంచి పైకి పాకుతుంది. మూడు నుంచి ఐదు సెకన్లు కదపకుండా ఉంచి, కొద్దికొద్దిగా లోపలికి తోయండి. పొగ వస్తుంది, చుక్క మీద నల్లటి మడ్డి తేలుతుంది. ఆ లెడ్డు దులిపేసి, కొత్త చుక్కతో మళ్లీ చేయండి. మురికి లెడ్డుతోనే రుద్దుతూ కూర్చుంటే పని కాదు.

అయిందని ఎలా తెలుస్తుంది? పోగుల రంగు పోయి మొన చుట్టూ సమానంగా వెండిలా మెరవాలి, లావు పెద్దగా పెరగకూడదు. లెడ్డు గుండులా ఒకవైపు వేలాడుతూ దాని వెనక ఎరుపు కనిపిస్తుంటే కాలేదు, మళ్లీ ముంచండి.

తొడుగు దాకా మెరిపించాలని మాత్రం చూడకండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. మిగతా పొడవున పూత ఉండి తీరాలి, పిన్ను లోపలి ఇరుకులో తీగల్ని షార్ట్ కాకుండా కాపాడేది అదే.

ఆ పొగ పీల్చకూడదు. చాలా పూతలు పాలియురేథేన్ రకం, కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. కిటికీ తెరవండి, మొహం పక్కకి పెట్టండి. కానీ ఫ్యాన్ ఆపేయాలి. ఫ్యాన్ కింద ఐరన్ కొస చల్లబడి పూత సగమే కాలుతుంది. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కాని పని. అందుకే నేను తెల్లవారుజామునే చేస్తాను, మీరూ అలాగే చేయండి.

పాత వైరునే కోసి వాడుతుంటే ఇంకొకటి చూడాలి. చెమట దిగి లోపల రాగికి పచ్చగానో నల్లగానో చిలుము పట్టి ఉండొచ్చు. మెరిసే రాగి కనపడే దాకా కోస్తూ వెళ్లండి. ఒక అడుగు కోసినా నలుపే ఉంటే ఆ వైరు మీద ఆశ వదులుకోండి.

రెండు కొసలూ అయ్యాక మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఒక్కో రంగునీ ఈ చివర నుంచి ఆ చివరికి చూడండి. బీప్ రావాలి. వేర్వేరు రంగుల మధ్య రాకూడదు. ఈ పరీక్ష పాసవకుండా ముందుకి వెళ్లొద్దు.

అతికించడం

ముందుగా పిన్ను టోపీ, అందులోని ప్లాస్టిక్ గొట్టం, స్లీవ్ ముక్క వైరుకి ఎక్కించండి. చెప్పినా మర్చిపోతారు, అంతా అతికించాక టోపీ బల్ల మీద కనిపిస్తుంది.

కప్పు వైపు వైరుని రంధ్రంలోంచి తెచ్చి లోపల ఒక ముడి వేయండి. ఎవరైనా లాగితే బరువు ముడి మీద పడాలి, అతుకు మీద కాదు. తర్వాతే స్పీకర్ దగ్గరికి వెళ్లండి. తీగలు అతికించే చిన్న పలకలు అక్కడ ప్లాస్టిక్‌లో దిగి ఉంటాయి, వాటికి అంటుకుని కాయిల్ నుంచి వచ్చే తీగలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. రెండు సెకన్లు మించి ఐరన్ ఆనించవద్దు. తీగకి ముందే లెడ్డు పట్టించాం కాబట్టి రెండు సెకన్లు సరిపోతాయి. నియోడిమియం అయస్కాంతం మామూలు రకమైతే 80 డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది. ఇంకో ప్రమాదం, ఐరన్ కొసకి ఇనుప పూత ఉంటుంది, అయస్కాంతం దాన్ని గుంజుతుంది. మోచేతులు బల్లకి ఆనించి పట్టుకోండి, లేకపోతే కొస జారి స్పీకర్ పొరకి బెజ్జం పడుతుంది. ఫోటో చూసి ప్లస్, మైనస్ సరిగ్గా పెట్టండి.

పిన్ను వైపు: మొన ఎడమ, మధ్య రింగు కుడి, వెనక భాగం గ్రౌండ్. మైక్ ఉన్న నాలుగు భాగాల పిన్ను అయితే ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా వరస ఇది: ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్. పాత ఫోన్లలో కొన్నింటికి చివరి రెండూ తారుమారుగా ఉండేవి. మైక్ లేని హెడ్‌ఫోన్‌కి మూడు భాగాల పిన్నే వేయండి. అతికించేటప్పుడు పిన్నుని ఏదైనా పాత సాకెట్‌లో గుచ్చి ఉంచండి, లోపలి ప్లాస్టిక్ మెత్తబడినా భాగాలు పక్కకి జరగవు. వెనక ఉండే రెక్కలు పైతొడుగుని పట్టాలి, పోగుల్ని కాదు.

వైరు ఊడదీసి మార్చుకునేలా కప్పుకి సాకెట్ పెట్టమని కొందరు అడుగుతారు. ఆడియో టెక్నికా 2014లో ఎం50ఎక్స్‌కి తాళం పడే 2.5 ఎంఎం సాకెట్ పెట్టింది, అది ఫ్యాక్టరీ పని. మనం డ్రిల్ పెడితే కప్పులో గాలి కారి బేస్ పోతుంది, ప్లాస్టిక్ పొట్టు స్పీకర్ మీద పడుతుంది. వద్దు.

ఫోన్‌కి పెట్టే ముందు పిన్ను మొనకీ గ్రౌండ్‌కీ మధ్య, రింగుకీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్‌లు కొలవండి. కంపెనీ రాసిన విలువకి దగ్గరలో రావాలి. ఎం50ఎక్స్‌కి 38, సోనీ 7506కి 63, మామూలువాటిలో చాలావాటికి 32. మీటర్ కొసలు తాకించినప్పుడు టక్ మని వినిపిస్తుంది, ఏ చెవిలో వస్తుందో కూడా చూసుకోండి. సున్నా వస్తే షార్ట్, ఫోన్‌కి పెట్టొద్దు. ఏమీ చూపించకపోతే ఎక్కడో పూత మిగిలింది, మళ్లీ ముంచండి.

మూసేశాక బేస్ పలచగా ఉండి, గొంతు తల మధ్యలో కాకుండా చెదిరినట్టు వినిపిస్తే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి, ఆ ఒక్క కప్పే విప్పండి. గొంతు మధ్యలోనే ఉండి బేస్ మాత్రమే తగ్గితే ప్యాడ్ అంచు గాడిలో కూర్చోలేదు. వేలితో చుట్టూ నొక్కుకుంటూ రండి, కూర్చుంటుంది.