చీకటి గదిలో లక్కబొమ్మ: ఫోను, టార్చి, పది సెకన్లు

లక్కబొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఫొటో దగ్గరే పెద్ద చిక్కు. బొమ్మ గుండ్రంగా, అద్దంలా నున్నగా ఉంటుంది. ట్యూబులైటు కింద తీస్తే బొజ్జ మీద తెల్లటి గీత పడుతుంది, ఫ్లాష్ వేస్తే నుదుట తెల్లటి మచ్చ. కిటికీ పక్కన పెడితే ఊచలతో సహా కిటికీ అంతా బొమ్మలో కనిపిస్తుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగే రంగు లక్కను అద్ది చేసే బొమ్మలివి. వాటి అందమంతా ఆ రంగు లోతులోనే ఉంది. ఫొటోలో పోయేదీ అదే.

దీనికి మంచి విరుగుడు లైట్ పెయింటింగ్, అంటే చీకట్లో కెమెరా షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచి, టార్చితో వెలుగును అద్దడం. దీపం చిన్నదైతే మెరుపు చిన్న చుక్కగా, కళ్లు చెదిరేలా పడుతుంది. అదే చిన్న టార్చిని షట్టర్ తెరిచి ఉన్న పది సెకన్లూ కదుపుతూ ఉంటే, కెమెరా లెక్కలో అది బారెడు వెడల్పున్న దీపం. మచ్చ పరుచుకుని మెత్తటి మెరుపవుతుంది. పెద్ద స్టూడియో లైట్లు చేసే పని ఇదే.

కావలసినవి: ప్రో మోడ్ (షట్టర్, ఫోకస్ లాంటివి మనమే పెట్టుకునే వీలు) ఉన్న ఫోను, ట్రైపాడ్, బటన్ నొక్కినంతసేపే వెలిగే చిన్న ఎల్‌ఈడీ టార్చి, బటర్ పేపరు, ఒక నల్ల చార్టు, మీటరు నల్ల వెల్వెట్ గుడ్డ. వెనక తెరగా చార్టు పనికిరాదు, దాని మీదా వెలుగు తళుక్కుమంటుంది. వెల్వెట్ అయితే వెలుగును మింగేస్తుంది. చార్టును పది సెంటీమీటర్ల గొట్టంగా చుట్టి టార్చి మూతికి తొడగండి, వెలుగు పక్కలకు చిందదు. గొట్టం లోపల బటర్ పేపరు మూడు పొరలు. ఫోను కెమెరాలో అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) మార్చే వీలు సాధారణంగా ఉండదు కాబట్టి వెలుగును టార్చి దగ్గరే తగ్గించుకోవాలి.

పని రాత్రిపూట పెట్టుకోండి. ఫ్రిజ్, స్విచ్‌బోర్డు, వైఫై పెట్టె మీది చిన్న ఎర్ర దీపాలకు నల్ల టేపు వేయండి, ఫ్యాను ఆపండి. మీరూ ముదురు రంగు బట్టలే వేసుకోండి, తెల్ల చొక్కా బొమ్మలో తేలుతుంది. తెరకు రెండడుగుల ముందు బొమ్మ, బొమ్మకు రెండడుగుల దూరంలో ఫోను. మరీ దగ్గరికి జరిగితే బొమ్మ ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సు ఉంటే అదే వాడండి.

గదిలో దీపం ఉండగానే బొమ్మ కళ్ల మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చండి. చీకట్లో ఆటోఫోకస్ వెతుక్కుంటూ తిరుగుతుంది. ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 100, షట్టర్ 10 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగు ఛాయను సరిచేసేది) 5500 దగ్గర స్థిరంగా. ఆటోలో వదిలితే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగులో వస్తుంది. టైమరు 3 సెకన్లు పెడితే వేలు తగిలిన కుదుపు పోతుంది. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో షట్టర్ సమయాన్ని ఇలా పెట్టలేం, అందుకు వేరే యాప్ కావాలి.

ఇక దీపం ఆర్పండి. షట్టర్ తెరుచుకోగానే టార్చిని బొమ్మకు జానెడు దూరంలో పట్టి ఎడమ పైనుంచి కిందికి నాలుగు సెకన్లు, కుడివైపు రెండు సెకన్లు, వెనకనుంచి బొమ్మ తల అంచు మీద ఒక్క సెకను. గోడకు సున్నం వేసినట్టు చెయ్యి ఆగకుండా ఆడుతూనే ఉండాలి. ఆగిన చోట మచ్చ పడుతుంది. రెండు వైపులా సమానంగా వెలుగిస్తే బొమ్మ చదునుగా కనిపిస్తుంది, ఒక పక్క నీడ ఉండనివ్వండి. టార్చి మూతి ఏ క్షణంలోనూ లెన్సు వైపు తిరగకూడదు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుందన్నది గుర్తుంటే, ఫొటో మరీ తెల్లబోయినప్పుడు ఏం చేయాలో వెతుక్కోనక్కర్లేదు: చెయ్యి కాస్త వెనక్కి.

అన్నీ ఒకే ఫ్రేములో కుదరాలని పట్టుబట్టకండి. ఫోను కదలకుండా ఎడమ వెలుగుకొకటి, కుడికొకటి, అంచుకొకటి తీసి ఫొటోపీ (బ్రౌజర్‌లోనే పనిచేసే ఫొటో ఎడిటర్)లో ఒకదాని మీద ఒకటి పొరలుగా పెట్టి, పైపొరలకు లైటెన్ మోడ్ ఇవ్వండి. ఏ పొరలో వెలుగు ఎక్కువుంటే అదే నిలుస్తుంది. కుదరని వెలుగును తీసేసి ఆ ఒక్కటే మళ్లీ తీసుకోవచ్చు. షట్టర్‌ను ముప్పై సెకన్లకు పెంచడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే సెన్సర్ వేడెక్కి నల్లటి చోట రంగు చుక్కలు పొడుస్తాయి. బొమ్మ అంచు రెండుగా కనిపిస్తే బల్ల కదిలిందని అర్థం.

బొంగరానికి ఇంకో కిటుకుంది. తిరిగే బొంగరాన్ని తీస్తే ఏమీ తిరుగుతున్నట్టుండదు, ఎందుకంటే లేత్ మీద వేసిన రంగు చారలు ఇప్పటికే చుట్టూ ఒకేలా ఉన్నాయి. బైకులకు అంటించే రేడియం స్టిక్కరు నుంచి మిరియపు గింజంత ముక్క కత్తిరించి అంచు మీద అంటించి తిప్పండి. షట్టర్ ఒక సెకను. ఈసారి టార్చి ఫోను పక్కనే ఉండాలి, రేడియం స్టిక్కరు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి. బొంగరం నడుముకు వెలుగు ఉంగరం తొడిగినట్టు వస్తుంది. మామూలు తెల్ల కాగితం ముక్క అయితే దాని కాస్త వెలుగూ చుట్టంతా పలచబడి కనిపించకుండా పోతుంది.

దుకాణం పేరును గాల్లో వెలుగుతోనే రాయొచ్చు. బొమ్మకు మూడడుగుల వెనక, తెరను ఇంకా వెనక్కి జరిపి, కెమెరా వైపు తిరిగి నిలబడండి. గొట్టం తీసేయండి, బటర్ పేపరు మూతి మీదే ఉండనివ్వండి. షట్టర్ 15 సెకన్లు, చేతికి నల్ల సాక్సు. ‘లక్క’ అని రాస్తే క మీది తలకట్టుకు ఒకసారి, కింది వత్తుకు ఒకసారి బటన్ వదలాలి, లేకపోతే తోకలు పడతాయి. మీకు మామూలుగా రాసినా ఫొటోలో అద్దంలోలా కుడిఎడమలు తారుమారై వస్తుంది. ఎడిటింగులో ఫ్లిప్ చేసి కుడిఎడమలు మార్చేస్తే సరి. బొమ్మ కూడా తిరుగుతుంది కానీ దాని మీద అక్షరాలు లేకపోతే ఎవరికీ తెలియదు.

పోస్టు చేసేటప్పుడు ఫొటో ఒక్కటే పెట్టకండి. రెండో ఫోనుతో మీ చెయ్యి చీకట్లో తిరగడాన్ని వీడియో తీసి, చివర పూర్తయిన ఫొటో చూపిస్తూ పది, పదిహేను సెకన్ల రీల్ చేయండి. కంప్యూటర్ పుట్టించిన ఫొటోలు ఫోన్ల నిండా తిరుగుతున్న రోజుల్లో, ఇది నిజంగా తీసిన ఫొటో అని కొనేవాళ్లకు చూపించడం విలువైన పని. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080×1350 పిక్సెళ్ల కొలత తీసుకోండి, వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి. రెండో ఫొటోగా పగటి వెలుగులో, అరచేతిలో పెట్టుకుని తీసింది తప్పకుండా ఉండాలి. చీకటి ఫొటోలో ఎరుపు ముదురుగా, బొమ్మ పెద్దగా అనిపిస్తుంది. అది చూసి కొన్నవాళ్లు పార్సిల్ విప్పి నిరాశ పడకూడదు.

తీయబోయే ముందు వేలిముద్రలు తుడవడానికి శానిటైజర్ గానీ స్పిరిట్ గానీ వాడొద్దు, లక్క అందులో కరుగుతుంది. పొడి నూలుగుడ్డ చాలు. రేడియం ముక్కను పని కాగానే మెల్లగా ఊడదీసి, జిగురు మిగిలితే కొబ్బరినూనె చుక్కతో తుడవండి.