కొండవాలును చదవడం – మూడవ పాఠం: రాతి పొర ఎటు ఒరిగింది?

గత పాఠంలో విశాఖ కొండల ప్రధాన శిల అయిన ఖోండలైట్‌ను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. కైలాసగిరిలోనూ సింహాచలం కొండల్లోనూ కనిపించే ఈ శిల పొరలు పొరలుగా ఉంటుంది. అందులోని గార్నెట్ అనే ఖనిజం తుప్పుపట్టి రాయికి ఎర్రటి రంగునిస్తే, ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం వానలకు మెత్తబడి తెల్లని బంకమట్టిగా మారుతుంది. రెండు గట్టి పొరల నడుమ ఈ మట్టి అంగుళం మందాన ఉన్నా దానిని తేలికగా తీసుకోరాదు. నీరు దిగలేక దానిపైనే నిలిచి, పై రాతి బరువును కొంత తానే మోస్తుంది కనుక పొరల మధ్య ఒరిపిడి తగ్గిపోతుంది.

1963 అక్టోబర్ 9న ఇటలీలోని వయోంట్ జలాశయంలోకి సుమారు 27 కోట్ల ఘనమీటర్ల కొండ ఒక్కసారిగా జారింది. ఎగసిన కెరటం ఆనకట్టను దాటి దిగువ ఊళ్లను ముంచగా దాదాపు రెండు వేల మంది చనిపోయారు. ఆ కొండది గట్టి సున్నపురాయే; అది జారింది మాత్రం సున్నపురాతి పొరల నడుమనున్న పలుచని బంకమట్టి మీద.

ఇక అభ్యాసం. వాన లేని రోజున, మీ ఎత్తుకు మించని పాత రాతి కోత (కొండను తవ్వగా బయటపడిన రాతి ముఖం) వద్దకు వెళ్లండి. బయటపడిన పొర ఉపరితలంపై గ్లాసెడు నీళ్లు పోయండి. నీరు జారిన దిక్కే పొర ఒరిగిన దిక్కు. కోణమానిని మధ్య రంధ్రానికి దారం కట్టి, కొసన చిన్న రాయి వేలాడదీసి, దాని తిన్నని అంచును ఆ తడి గీత వెంట ఆనించండి. దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు జరిగితే పొర వాలు అంత. కోత వాలును కూడా ఇలాగే కొలవండి.

పొర కోతవైపే ఒరిగి, దాని వాలు కోత వాలు కన్నా తక్కువైతే, పొర కింది అంచు కోత ముఖంలో బయటపడి ఉంటుంది, అంటే జారే రాతికి అడ్డు లేదు. పొర కొండలోపలికి ఒరిగితే ఈ రకమైన జారుడు భయం చాలా తక్కువ. కోత ఎంత నిటారుగా ఉందన్న దానికన్నా ముందు నేను చూసేది ఇదే.

చివరగా పొరల సందులోని మట్టిని తడిపి అరచేతుల మధ్య నులమండి. మూడు మిల్లీమీటర్ల మందపు దారంలా విరగకుండా సాగితే అది బంకమట్టి. ముందే పొడిపొడిగా రాలిపోతే ఇసుకపాలు ఎక్కువ. రెండు కోణాలనూ, నీరు జారిన దిక్కునూ, మట్టి తీరునూ నోటుపుస్తకంలో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో ఊటలను పరిశీలించేటప్పుడు వాటితో పని ఉంది.