కాల్విన్, డాక్టర్ హూ ఒకే స్ట్రిప్‌లో: క్రాస్ఓవర్ ఎలా గీయాలి?

ఏటా వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు బొమ్మలు నేర్చుకోవడానికి నా దగ్గరికి వస్తారు. కాల్విన్ అనే చిన్న పిల్లాడూ, అతని పులి హాబ్స్ ఉండే 'కాల్విన్ అండ్ హాబ్స్' కామిక్‌లోకి, బ్రిటిష్ టీవీ సీరియల్లో కాలంలో తిరిగే డాక్టర్ హూని తీసుకురావాలని వాళ్లలో ఎవరో ఒకరికి తప్పకుండా అనిపిస్తుంది. ఇలా వేర్వేరు కథల పాత్రల్ని కలపడమే క్రాస్ఓవర్. మంచి ఆలోచనే. కాల్విన్ టైమ్ మెషీన్ ఒక అట్టపెట్టె. డాక్టర్‌ది నీలం రంగు పోలీస్ బాక్స్, టెలిఫోన్ బూత్ లాంటి పెట్టె. ఇంత చక్కగా అతికే జంట ఇంకోటి దొరకదు. అయినా దాదాపు అందరూ ఒకే చోట పాడు చేస్తున్నారు: పులి దగ్గర.

ముందు సామాన్లు. మందపాటి డ్రాయింగ్ షీట్, హెచ్‌బీ పెన్సిల్, సన్నటి బ్రష్, ఇండియన్ ఇంక్, స్కేలు. స్కెచ్ పెన్నులు వద్దు. ఈ కామిక్ సృష్టికర్త బిల్ వాటర్సన్ బ్రష్‌తోనే గీశారు, ఆ గీతలోని ప్రాణం బ్రష్‌కే వస్తుంది. మన వైజాగ్ గాలికి కాగితం మెత్తబడుతుంది కాబట్టి షీట్‌ని అట్టకి నాలుగు మూలలా టేప్‌తో బిగించండి.

తర్వాత నాలుగు గళ్లు గీయండి. ఆరు వద్దు, ఎనిమిది అసలే వద్దు. డాక్టర్‌గా ఎంతోమంది నటించారు గానీ మీరు పొడుగు స్కార్ఫ్ ఆయన్నే తీసుకోండి, 1974 నుంచి 1981 దాకా టామ్ బేకర్ వేసిన డాక్టర్‌ని. మెడలో స్కార్ఫ్ ఉంటే మొహం సరిగ్గా కుదరకపోయినా ఎవరో తెలిసిపోతుంది. డాక్టర్ శత్రువులైన డాలెక్‌లని తీసుకురాకండి. అవి వచ్చాయంటే కాల్పులు మొదలవుతాయి, మాటలకి చోటుండదు.

అట్టపెట్టె ఎలా పెట్టారో ఒకసారి చూసుకోండి. మూత వైపు పైకి ఉంటేనే అది టైమ్ మెషీన్. బోర్లిస్తే మనిషిని ఇంకో జంతువుగా మార్చే యంత్రం. పక్కకి పడుకోబెడితే నకళ్లు తీసే యంత్రం. కాల్విన్‌ని బాగా చదివినవాళ్లు ముందు ఇదే చూస్తారు.

వెనకాల దృశ్యానికి నేను పిల్లల్ని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్తాను. కాల్విన్ తనని తాను అంతరిక్ష వీరుడు స్పిఫ్‌గా ఊహించుకున్నప్పుడు కనిపించే గ్రహాలకి వాటర్సన్ అమెరికాలోని యూటా ఎడారుల్ని ఆధారం చేసుకున్నారు. మనకి అంత దూరం ఎందుకు? వానలు కోసిన ఆ ఎర్రటి గాడుల్లో పొద్దున్నే కూర్చుంటే నీడ ఒక గోడ మీద నల్లగా, ఎదురు గోడ మీద ఊదాగా పడుతుంది. చూసి గీసిన గ్రహానికీ, గూగుల్‌లో వెతికి దించిన గ్రహానికీ తేడా గడిలో తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. హాబ్స్ కాల్విన్‌తో ఒంటరిగా ఉన్నప్పుడు కాల్విన్ కన్నా పొడుగైన నిజం పులి. మూడో మనిషి చూపు పడితే గుడ్డబొమ్మ. ఈ స్ట్రిప్ 1985 నవంబర్ నుంచి 1995 డిసెంబర్ దాకా నడిచింది. అన్నేళ్లూ రెండిట్లో ఏది నిజమో వాటర్సన్ తేల్చలేదు. హాబ్స్ ప్రాణం వచ్చిన బొమ్మ కాదనీ, ఉత్త ఊహ కూడా కాదనీ, కాల్విన్‌కి ఒకలా, మిగతావాళ్లకి ఇంకోలా కనిపిస్తాడనీ ఆయనే చెప్పారు.

మనవాళ్లు చేసేదేమిటంటే, డాక్టర్ తలుపు తీసుకుని బయటికి రాగానే హాబ్స్‌కి షేక్‌హ్యాండ్ ఇప్పిస్తారు. 'ఆయన వేరే గ్రహం మనిషి కదండీ, ఆయనకి కనిపిస్తుంది' అంటారు. కనిపించకూడదు. ఇంకొక్కరికి కనిపించినా పులి అందరిదీ అయిపోతుంది, కాల్విన్‌కంటూ ఏమీ మిగలదు. ఇంతకన్నా ఘోరం, డాక్టర్ ఎప్పుడూ వాడే పనిముట్టు సోనిక్ స్క్రూడ్రైవర్‌తో బొమ్మకి ప్రాణం పోయడం. అలా గీస్తే పదేళ్లపాటు వాటర్సన్ తేల్చకుండా కాపాడుకున్న విషయాన్ని మీరు ఒక్క గడిలో తేల్చేసినట్టే.

కాబట్టి గీసే ముందే ప్రతి గడి కింద పెన్సిల్‌తో రాసుకోండి: ఇక్కడ ఎవరున్నారు? కాల్విన్, హాబ్స్ ఇద్దరే ఉంటే పులి. డాక్టర్ చెయ్యి కనిపించినా సరే, బొమ్మ. బొమ్మకి కళ్లు రెండు చుక్కలే, చేతులు వేలాడాలి, నడుము నిలవకూడదు. మొహంలో నవ్వు పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి.

మరి డాక్టర్‌కి హాబ్స్‌తో ఏ సంబంధమూ ఉండకూడదా? ఉండొచ్చు. మా దగ్గరికి వచ్చే అయిదో తరగతి అమ్మాయి చూపించింది. మొదటి గడిలో అట్టపెట్టెలో కాల్విన్, పులి దారి కోసం పోట్లాడుకుంటున్నారు. రెండో గడిలో పక్కన నీలం పెట్టె దిగింది, డాక్టర్ తొంగిచూస్తున్నాడు, అట్టపెట్టె అంచు మీద బొమ్మ వాలి ఉంది. మూడో గడిలో మాటల్లేవు. డాక్టర్ వంగి తన స్కార్ఫ్ తీసి బొమ్మ మెడకి రెండు చుట్లు చుడుతున్నాడు. నాలుగో గడిలో ఆయన లేడు. స్కార్ఫ్ కట్టుకున్న పులి అంటోంది: 'మర్యాద తెలిసిన మనిషి.' డాక్టర్‌కి ఏం కనిపించిందో ఆ అమ్మాయి చెప్పలేదు. చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు.

మాటలు ముందు రాసి, బెలూన్ తర్వాత గీయండి. ఇంగ్లీషు స్ట్రిప్ చూసి బెలూన్ కొలత తీసుకుంటే మన ఒత్తులూ గుడులూ పట్టవు. 'మర్యాద' రాసి చూడండి, కింద యావత్తుకే ఇంకో అర వరస చోటు కావాలి. కంప్యూటర్ ఫాంట్లు వాడకండి. బాపు గారి చేతిరాత ఆయన బొమ్మలో భాగమే అయింది. చేత్తో రాసిన అక్షరానికి ఆ బలం ఉంటుంది.

ఇలా గీసింది గోడకి అంటించుకోండి, స్నేహితులకి చూపించండి. టీషర్టులేసి అమ్మకండి. ఈ పాత్రలు మనవి కావు, పైగా వాటర్సన్ తన బొమ్మల్ని సరుకుగా మార్చడానికి ఎన్నేళ్లు అడిగినా ఒప్పుకోలేదు.

ఇంక్ వేశాక ఆ రోజు ముట్టుకోకండి. బీచ్ దగ్గరి ఇళ్లలో పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి పోదు. మర్నాడు ఎండెక్కాక రబ్బరుతో పెన్సిల్ గీతలు తుడవండి. పులి చారల మీద మాత్రం రుద్దకండి, ఒక్క వైపుకే నెమ్మదిగా లాగండి.