రాతిపొరలను చదవడం – 4వ పాఠం: యుగాల సరిహద్దును నిర్ణయించడం

పొరల వరుసను నోటుబుక్కులో గీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ పటంలో ఒక యుగం ముగిసి మరొకటి మొదలయ్యే గీత ఎక్కడ పడాలో నిర్ణయించడం ఈ పాఠం విషయం. ఇందుకు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ పశ్చిమ తీరాన, గ్రోస్ మోర్న్ జాతీయ ఉద్యానవనంలో ఉన్న గ్రీన్ పాయింట్‌ను మించిన ఉదాహరణ నాకు తోచలేదు. కేంబ్రియన్, ఆ తర్వాతి ఆర్డోవిషియన్ అనే యుగాల మధ్య, సుమారు 48.5 కోట్ల సంవత్సరాల నాటి సరిహద్దుకు ప్రపంచ ప్రమాణ స్థలంగా దాన్ని 2000లో ఆమోదించారు.

అక్కడ సున్నపురాయి, షేల్ (సన్నని బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పలుచని పొరలుగా మారిమారి వస్తాయి. ఇది లోతైన సముద్రపు వాలులో పేరుకున్న అవక్షేపం. లోతు తక్కువ ఉన్న సముద్రపు అడుగు నుంచి జారిపడిన సున్నపురాయి పెళ్లలు గట్టిపడిన మందపాటి పొరలు కూడా మధ్యమధ్య కనిపిస్తాయి.

ముందుగా ఏది పాత పొరో తేల్చుకోవాలి. గ్రీన్ పాయింట్‌లో భూపటలపు ఒత్తిడికి పొరలు నిలువు దాటి తలకిందులయ్యాయి కనుక, కింద కనిపించేదే పాతదనుకుంటే పటమంతా తారుమారవుతుంది. ఒకే పొరలో ముతక రేణువులు ఏ అంచున ఉన్నాయో, అవి ఏ వైపుకు సన్నబడుతున్నాయో పరిశీలించండి. బరువైనవి ముందుగా అడుగుకు చేరతాయి కాబట్టి ముతక అంచే ఆ పొరకు అసలు అడుగు. ఒక్క పొరను నమ్మకుండా, కనీసం నాలుగైదింటిలో ఇదే సరిచూడండి.

ఇక సరిహద్దు. రాతి రంగు మారినచోట గీత గీయాలన్న తొందర సహజమే కానీ, అది తప్పుదారి పట్టిస్తుంది. గ్రీన్ పాయింట్‌లో సరిహద్దు 23వ పొరలో ఉంది. ఇయాపెటోగ్నాథస్ ఫ్లక్టివేగస్ అనే కోనోడాంట్ (అంతరించిపోయిన ఒక సముద్రజీవి) తొలిసారి కనిపించడమే దానికి ఆధారం. పంటిని పోలిన ఈ సూక్ష్మ శిలాజాలను బయటికి తీయడానికి సున్నపురాయిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తారు. సముద్రంలో తేలియాడిన గ్రాప్టోలైట్లు అనే అంతరించిపోయిన చిన్న జీవుల ముద్రలు మాత్రం షేల్‌లో దొరుకుతాయి. అవి సరిహద్దుకు 4.8 మీటర్ల పైన, అంటే కొత్త పొరల వైపున, మొదలవుతాయి. రెండు రకాల రాళ్లూ కలిసి ఉండటం వల్లనే రెండు స్వతంత్ర సాక్ష్యాలను ఒకే వరుసలో పోల్చగలుగుతున్నాం.

23వ పొరలోని కోనోడాంట్ల గుర్తింపును తర్వాత కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. అందువల్ల శిలాజం దొరికిన పొరలతోపాటు, వెదికినా దొరకని పొరలనూ తప్పక నమోదు చేయండి. ఆ ఖాళీలు లేకపోతే తొలి దర్శనమన్న మాటకు బలం ఉండదు.

అభ్యాసంగా, మీ పటం పక్కన రెండు నిలువు గడులు గీసి, ఒకదానిలో కోనోడాంట్లను, రెండోదానిలో గ్రాప్టోలైట్లను పొర సంఖ్యల వారీగా గుర్తించండి. ఆ గడులను వేరే స్థలపు వరుసతో జతపరచడం 5వ పాఠంలో చూద్దాం.