రాయితో ఇల్లు – మూడో పాఠం: నాపరాయి ఎంపిక, వాకిట్లో బాట

పోయిన రెండు పాఠాల్లో ఇంటి కొలతలు తీసుకున్నాం. ఏ మూల ఎంతసేపు ఎండ పడుతుంది, వాన నీళ్లు ఎటు పారుతాయి అన్నది కాగితం మీద గీసుకున్నాం. ఆ కాగితం ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. ఈసారి రాయి కొని, గేటు నుంచి అరుగు దాకా బాట పరుస్తాం. ఇంటి లోపలి గోడ సంగతి చివర్లో కాస్త చూస్తాం, అసలు పాఠం వచ్చేసారి.

ఈ పాఠమంతా పాలిష్ పట్టని బండ గురించే. గనిలో పొర విప్పినప్పుడు పైకి వచ్చిన ముఖాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాం, అంచులు, అడుగు మాత్రమే చెక్కుకుంటాం. బేతంచెర్ల, తాడిపత్రి ఫ్యాక్టరీల్లో అరగదీసిన నున్నటి బండ వేసుకోవడం తప్పని నేననను, హాల్లోకి అదే బాగుంటుంది. కానీ ఆ నునుపు కోసం రాయి మీదున్న అలల గుర్తులు, రంగు చారలు, చిన్న చిన్న మెట్లు అన్నీ గీకేస్తారు. ఆ తర్వాత మనమే షోరూముకు పోయి, రాయిలా కనిపించే ప్రింటు టైల్స్ కోసం బండ కంటే ఎక్కువ రేటు పెడతాం. బండ పుట్టే జిల్లాల్లో ఉండి ఈ పని చేయడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

కొనేముందు దీని గుణం తెలియాలి. నాపరాయి అంటే పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. కడప, కర్నూలు వైపు దొరికేదాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు లేచింది ఈ రాయి కోసమే. పొరలున్నాయి కాబట్టి రంపం లేకుండానే పలకలుగా విడిపోతుంది, అది మనకు లాభం. సున్నం కాబట్టి పులుపు తగిలితే కరుగుతుంది, అది నష్టం. దీనికి బెలుం గుహలే సాక్ష్యం. గాలిలోంచి, మట్టిలోంచి కాస్త ఆమ్లగుణం పట్టిన వాన నీళ్లు ఈ జాతి రాయిలోకే లక్షల ఏళ్లు ఇంకి, 3,229 మీటర్ల పొడవున దారులు తొలిచాయి. వాన నీళ్లే అంత పని చేస్తే బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఏం చేస్తుందో ఊహించుకోండి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

బండలు అమ్మే యార్డులో వాళ్లు చూపించే మొదటి వరస జోలికి పోకండి. సైజుకు కోసిన చదరపు బండలు మనకు అక్కర్లేదు. వెనకాల గోడ వారన పడేసి ఉండే వంకర ముక్కల కుప్ప దగ్గరికి పదండి. ఒక వైపు విరిగినవి, మూల పోయినవి, సైజుకు రానివి అక్కడ ఉంటాయి. రేటు తక్కువ, మన పనికి అవే కావాలి. చిన్నదైనా రెండు అరచేతుల కంటే పెద్దదిగా ఉండాలి. అంతకంటే చిన్నవి బాటలో నిలవవు, కాలు పడిన ప్రతిసారీ ఊగుతాయి.

ఒక్కో బండను నిలబెట్టి, పైఅంచు వదులుగా పట్టుకుని, చిన్న సుత్తితో మధ్యలో కొట్టండి. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పగులున్నా, పొర వదులైనా డబ్బుమని చప్పుడు చచ్చిపోతుంది. పదిహేను ఇరవై బండలు కొట్టాక తేడా మీ చెవికే తెలిసిపోతుంది. తర్వాత బకెట్‌తో నీళ్లు తెప్పించుకుని ముఖం మీద పోయండి. అప్పుడు అసలు రంగు బయటపడుతుంది: బూడిదలా కనిపించినది నల్లగానో, పచ్చ ఛాయగానో తేలుతుంది. నీళ్లు పోశాక వెంటనే పక్క బండకు పోకుండా ఐదు నిమిషాలు ఆగండి. బండంతా ఆరుతూ ఉంటే ఎక్కడో ఒక సన్నటి గీత మాత్రం నల్లగా, తడిగానే ఉండిపోతుంది. అదే పగులు. ఎండు బండ మీద కంటికి ఆనని పగులు తడి ఆరేటప్పుడు దొరికిపోతుంది. ఇక అంచు చూడండి. పొరల గీతలు సన్నగా, దగ్గరగా ఉంటే పరవాలేదు. ఏ గీతలోనైనా గోరు దిగిందంటే ఆ పొర రెండు వానలకు పెచ్చులా లేస్తుంది. పక్కన పెట్టేయండి.

నిమ్మకాయ పరీక్ష ఎప్పుడు చేయాలంటే, అమ్మేవాడు "ఇది నల్ల గ్రానైట్ సార్" అన్నప్పుడు. బండ అడుగువైపు ఒక మూలన నాలుగు చుక్కలు పిండి కాసేపాగి తుడవండి. ఆ చోటు వెలిసిపోయి మెరుపు లేకుండా అయితే అది నాపరాయే. గ్రానైట్‌కు ఏమీ కాదు. రెండూ మంచి రాళ్లే, రేటు మాత్రం ఒకటి కాదు కదా.

రంగు దగ్గర మన ఎండల్ని మర్చిపోకూడదు. కాగితం మీద మధ్యాహ్నం ఎండ పడుతుందని గుర్తు పెట్టిన చోట నల్ల బండ వద్దు. మే నెలలో కర్నూలులో ఒంటిగంటప్పుడు నల్ల బండ మీద చెప్పుల్లేకుండా నిలబడటం ఎవరివల్లా కాదు, ఇంట్లో పసిపిల్లలుంటే చెప్పనే అక్కర్లేదు. అక్కడ లేత బూడిద, గోధుమ ఛాయలు వేయండి. నల్లవి నీడలోకి, అరుగు మీదికి, ఇంటి లోపలికి. పైగా నల్ల నాపరాయి ఎండావానల్లో కొన్నేళ్లకు వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. నలుపు నలుపుగానే ఉండాలని పట్టుపట్టేవాళ్లు బయట వేయకపోవడమే మంచిది.

మందం, బరువు. ఇసుక మీద పరిచే బాటకు ఒకటిన్నర అంగుళం తగ్గకూడదు, రెండైతే ఇంకా మేలు. కింద సిమెంటు పరుపు ఉంటే అంగుళం చాలు. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైనే తూగుతుంది. అంటే రెండడుగుల చదరం, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న బండ ముప్పై ఏడు కిలోల దాకా ఉంటుంది. ఒక్కరే ఎత్తకండి, నడుము పోతుంది. బండిలో వేసేటప్పుడు నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పెట్టించండి. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే గుంతల్లో కుదుపుకు అడుగువి విరుగుతాయి.

ఇక పరచడం. బాట వెడల్పు మూడడుగులు అనుకుందాం. కొలత ప్రకారం తాడు కట్టి, ఆరు అంగుళాల లోతు మట్టి తీయండి. మూడు అంగుళాల గరుసు పోసి, తడిపి, దిమ్మిసతో బాగా కొట్టించండి. ఈ పని మీద బేల్దారికి, అంటే తాపీ మేస్త్రికి, సాధారణంగా ఓపిక ఉండదు. "బండ వేస్తే అదే కూర్చుంటాది" అంటాడు. నిజమే, కూర్చుంటుంది, కానీ ఒక్కో బండ ఒక్కో లోతుకు. కాబట్టి దగ్గరుండి కొట్టించుకోండి. దాని మీద అంగుళంన్నర ఇసుక పరిచి, కర్రతో సాపు చేయండి. ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండు అంగుళాల వాలు ఉండాలి. అనంతపురం, కర్నూలు వైపు వాన తక్కువే, కానీ పడినప్పుడు ఒక్క గంటలో కుమ్మరించి పోతుంది. వాలు లేని బాట ఆ గంటలో మడుగవుతుంది, నీళ్లు పునాది వైపు తిరుగుతాయి.

బండలు ఇసుకలో పెట్టే ముందు అన్నిటినీ పక్క నేల మీద పరిచి చూసుకోవాలి. ఈ పనికి ఒక పూట పోయినా తక్కువే అంటాను. పెద్దవి ముందు పెట్టండి, అంచులకు, మలుపులకు పెద్దవే. మధ్యలో చిన్నవి. రెండు బండల మధ్య సందు అర అంగుళం నుంచి అంగుళం దాకా ఉండొచ్చు, అన్నీ సమానంగా ఉండాలన్న పట్టింపు వద్దు. రెండే పట్టింపులు పెట్టుకోండి: నాలుగు బండల మూలలు ఒకేచోట కలవకూడదు, ఒక సందు గీత గీసినట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగిపోకూడదు. ఈ రెండూ తప్పితే బాట బలమూ పోతుంది, అందమూ పోతుంది. పరిచాక పది అడుగులు వెనక్కి వెళ్లి, ఆపై అరుగు మీద నుంచి కూడా చూడండి. రోజూ చూసేది అక్కడి నుంచే.

ఎక్కడైనా బండ పట్టకపోతే చెక్కాలి. ముఖం మీద సుద్దతో గీత గీసి, ఉలితో గీత వెంబడి తేలికగా గంట్లు పెట్టుకుంటూ రండి. బండ తిప్పి అడుగున కూడా అదే గీత మీద గంట్లు. తర్వాత గీత కింద సన్న ఇనుప కడ్డీ పెట్టి, బయటికి ఉన్న వైపు సుత్తితో కొడితే విరుగుతుంది. ఒక్క దెబ్బకే విరగాలని బలం చూపిస్తే అడ్డదిడ్డంగా పోతుంది. విరిగిన అంచు సూటిగా ఉంటే, అడుగువైపు నుంచి చిన్న చిన్న పెచ్చులు ఎగరగొట్టండి, గనిలో విరిగినట్టే కనిపిస్తుంది. గ్రైండర్‌తో కోసిన అంచు మాత్రం కత్తితో కోసిన కేకు ముక్కలా ఉంటుంది, మొరటు ముఖం పక్కన అస్సలు నప్పదు. కోయక తప్పని చోట నీళ్లు పోస్తూ కోయించండి, మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు లేకుండా ఉలి కూడా పట్టకండి.

ఇప్పుడు ఒక్కో బండ తీసి ఇసుకలో కూర్చోబెట్టండి. అడుగు మిట్టపల్లాలుగా ఉంటుంది కాబట్టి ఒక్కో బండకు ఇసుక తీయడం, వేయడం తప్పదు. రబ్బరు సుత్తితో నాలుగు మూలలూ తట్టి, ఒక కాలితో ప్రతి మూల మీదా బరువు వేయండి. ఏ మాత్రం ఊగినా మళ్లీ ఎత్తి, ఊగిన మూల కింద ఇసుక కుక్కండి. చిన్న రాతి పెచ్చు దోపి సరిపెట్టేవాళ్లుంటారు, ఒప్పుకోకండి, బరువంతా ఆ పెచ్చు మీద పడి బండ అక్కడే చీలుతుంది. పక్క బండతో ఎత్తు తేడా పావు అంగుళం మించితే పెద్దవాళ్లు కాలు తగిలి తూలతారు. రసమట్టం (స్పిరిట్ లెవల్) బండ మీద కాదు, నాలుగైదు బండల మీద పొడుగు పలక వేసి దానిమీద పెట్టి చూడండి. మొరటు ముఖం మీద నేరుగా పెడితే అది చెప్పే లెక్కకు అర్థం ఉండదు.

సందుల్లో పొడి ఇసుక పోసి చీపురుతో ఊడ్చండి, నీళ్లు చల్లండి, దిగాక మళ్లీ పోయండి. గడ్డి మొలిస్తే మొలవనివ్వండి, నాకైతే అదే బాగుంటుంది. గడ్డి వద్దనుకునేవాళ్లు ఒకటికి మూడు సిమెంటు, ఇసుక పొడిగా కలిపి సందు నింపుకోవచ్చు. కానీ అది బండ ముఖం కంటే కాస్త కిందికే ఉండాలి, మరక పడితే తడి గుడ్డతో అప్పటికప్పుడే తుడవాలి.

ఆ తుడవడం దగ్గరే చాలా ఇళ్లు పాడవుతున్నాయి. పనంతా అయ్యాక సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడగడం మన దగ్గర బాగా అలవాటు. టైల్స్ మీద ఆ అలవాటు నడిచిపోతుంది. నాపరాయి మీద పోయగానే బుసబుసా నురగ వస్తుంది. మురికి పోతోందని సంతోషిస్తారు గానీ, ఆ నురగ రాయి కరుగుతున్న నురగ. ఆరాక తెల్లటి మచ్చలు తేలతాయి, అవి ఏ సబ్బుకూ పోవు, పైపొర అరగదీయడమే మిగులుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే రోజే బేల్దారికి చెప్పి ఉంచండి, యాసిడ్ సీసా ఇంట్లో ఉంటే దాచేయండి. బోరు నీళ్ల వల్ల తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే అది వేరే, ఎండాక గట్టి బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది.

బాట పక్కన ఒకటి రెండు పెద్ద రాళ్లు పెట్టాలనుకునేవాళ్లు ఒకసారి కర్నూలు, నంద్యాల రోడ్డు మీదున్న ఓర్వకల్లు రాక్ గార్డెన్ చూసి రండి. రాళ్ల పైభాగం కాదు, అవి నేలను కలిసే చోటు చూడండి. ఏ రాయీ నేల మీద పెట్టినట్టు ఉండదు, నేలలోంచి లేచినట్టు ఉంటుంది. మీ వాకిట్లో కూడా రాయిలో మూడో వంతు మట్టిలోకి దించండి. కొండల మీంచి ఎత్తుకు రావడం మాత్రం వద్దు. అది చట్టానికి విరుద్ధం, పైగా క్వారీలో పనికిరావని పక్కకు నెట్టిన గుండ్లు కొనుక్కోవచ్చు.

లోపలి గోడ గురించి ఈసారికి రెండు ముక్కలు. ఒక గదిలో ఒక్క గోడే రాయి. నాలుగు గోడలూ వేస్తే గది గుహలా చీకటి పడుతుంది. గోడకు ముప్పావు అంగుళం మించని సన్న ముక్కలు ఎంచుకోండి. పెయింటు, పుట్టీ పూర్తిగా చెక్కేసి ప్లాస్టరు బయటపెట్టాలి. పుట్టీ మీద అతికించిన రాయి పుట్టీతో సహా ఊడి పడుతుంది. వంటింటి పొయ్యి వెనక గోడకు మొరటు బండ వద్దు, తాలింపు జిడ్డు ఆ గుంతల్లో చేరితే వదలదు. పూజ గదికి, మెట్ల పక్క గోడకు, టీవీ వెనక గోడకు బాగా నప్పుతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని ఇది. యార్డు నుంచి వేర్వేరు రంగుల ముక్కలు మూడు తెచ్చుకోండి, అరచేతి సైజు చాలు. ఒక్కోదాన్ని సుద్దతో సగానికి గీసి, ఒక సగానికి కొబ్బరినూనె పలుచగా రాయండి, రెండో సగం వదిలేయండి. ఒకటి ఎండలో, ఒకటి వంటింట్లో, ఒకటి వాష్ బేసిన్ పక్కన పెట్టి పదిహేను రోజులు అలాగే ఉంచండి. నూనె రాసిన సగం ఎంత నలుపెక్కింది, ఎంత దుమ్ము పట్టింది, వట్టి సగం మీద నీటి మరకలు ఎన్ని పడ్డాయి అన్నది రాసుకోండి. గోడకు సీలర్ (రాయిలోకి తడి, జిడ్డు దిగకుండా పూసే మందు) కొట్టాలా, నూనె చాలా, ఏమీ వద్దా అన్నది ఆ మూడు ముక్కల్ని ముందు పెట్టుకునే తేలుద్దాం. టైల్ అడెసివ్ బస్తా మాత్రం ఇప్పుడే కొనకండి, గోడ కొలిచాక చెబుతాను.