పాత కార్వెట్‌ను పోటీకి నిలబెట్టడం – ఆరవ పాఠం: పసుపు పూత పోయిన బోల్టులు

కార్వెట్ అంటే అమెరికా షెవ్రొలే కంపెనీ స్పోర్ట్స్ కారు. మన పోటీ వేగానిది కాదు, కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా లేదా అన్నదానిది. ఈ పాఠంలో రబ్బరు గొట్టాల గురించి చెబుతానన్నాను. వాటిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఐదవ పాఠం చదివి పని మొదలుపెట్టిన వారు పంపిన ఫోటోల్లో చాలావరకు ఒకటే దృశ్యం: పాత తువ్వాలు మీద వరుసగా పేర్చిన బోల్టులు, అన్నీ బూడిద రంగులో, కొన్నిటి మీద ముగ్గుపిండి రాలినట్టు తెల్లని పొడి. "తుప్పు పోయింది కానీ ఈ తెలుపు ఏమిటి?" అని అందరూ అడిగారు.

తప్పు నాది. "తుప్పు పట్టిన బోల్టులను ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి" అని రాశాను. పూత లేని ఉక్కు బోల్టులను మాత్రమే అని రాయలేదు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనిలో కొన్ని మాటలు చెప్పనక్కరలేదని అనిపిస్తుంది. చెప్పాలి. మీరు నా మాట నమ్మి, కారుతోపాటు 1987లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోల్టులను నానబెట్టారు. కాబట్టి ఈ పాఠమంతా బోల్టుల గురించే.

ముందు జరిగినదేమిటో చూద్దాం. ఆ బోల్టుల్లో చాలావాటి మీద పసుపు ఛాయ ఉండేది. అది రంగు కాదు. ఉక్కు మీద ముందు జింకు పూత పూస్తారు. దాని మందం సాధారణంగా 5 నుంచి 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ జింకు పూసిన బోల్టును క్రోమేటు (క్రోమియం లవణం) ద్రావణంలో ముంచి తీస్తే ఒక మైక్రాన్ కన్నా పలుచని పొర ఏర్పడుతుంది. పసుపు ఆ పొరదే. వెనిగర్‌లో ఉన్నది ఎసిటిక్ ఆమ్లం. అది తుప్పును నెమ్మదిగా కరిగిస్తుంది, జింకును మాత్రం ఆత్రంగా కరిగిస్తుంది. గిన్నెలో బుడగలు లేచాయని సంతోషంగా రాశారు ఒకరు. ఆ బుడగలు హైడ్రోజన్. మీ జింకు కరుగుతుంటే వచ్చినవి. తెల్ల పొడి సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది: పసుపు పొర పోయి, అడుగున కాస్త జింకు మిగిలిన చోట, గ్యారేజీలో తేమకు జింకే తుప్పు పడుతుంది. జింకు తుప్పు తెల్లగా ఉంటుంది.

మన ఇళ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోముతారు. నల్లబడిన చెంబు తళతళలాడుతుంది. పులుపు తగిలితే లోహం శుభ్రపడుతుందన్న నమ్మకం మన చేతుల్లోనే ఉంది. కానీ ఇక్కడ గుర్తు తెచ్చుకోవలసింది చెంబును కాదు, కళాయి పూసిన గిన్నెను. కళాయిని ఇటుక పొడి వేసి గట్టిగా తోమే ఇల్లాలు ఎవరూ ఉండరు. తోమితే పోయేది మురికి కాదు, కళాయి. బోల్టు మీది జింకు కూడా అంతే.

ఈ కారులో ఆ పూతకు ఇంకో పని ఉంది. 1984 నుంచి 1996 వరకు వచ్చిన ఈ నాలుగో తరం కార్వెట్‌లో ముందు చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ చేతులు అల్యూమినియంవి. అల్యూమినియంలో వట్టి ఉక్కు బోల్టు బిగించి, రెంటి మధ్య ఉప్పు నీరు చేరితే అల్యూమినియంను తుప్పు తినేస్తుంది. జింకు ఆ రెండు లోహాల మధ్య నిలబడి నష్టాన్ని తగ్గిస్తుంది. ముక్కుతో సహా బానెట్టు మొత్తం ముందుకు ఒరుగుతుంది కాబట్టి, ఇంజన్‌తోపాటు ముందు చక్రాల దగ్గరి బోల్టులన్నీ న్యాయనిర్ణేత కళ్ల ముందే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. వెనిగర్ పొరపాటు నన్ను బాధపెట్టింది. కానీ ఆ తరువాత కొందరు చేసిన పని నన్ను ఇంకా బాధపెట్టింది, ఎందుకంటే అది తెలిసి చేసింది. బూడిద రంగు బోల్టులు చూడలేక నిగనిగలాడే నల్ల రంగు కొట్టారు. ఒకరు బంగారు రంగు స్ప్రే కొట్టారు. ఇంకొకరు అన్నీ పారేసి, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించి "ఇప్పుడు ఫ్యాక్టరీ కన్నా బాగుంది" అని రాశారు.

ఫ్యాక్టరీ కన్నా బాగుండడం ఈ పోటీలో తప్పు. దీన్ని మొదటి పాఠం నుంచి చెబుతూనే ఉన్నాను, ఈసారి లెక్కతో చెబుతాను.

మనం సిద్ధమవుతున్నది 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ పద్ధతిలో జరిగే తనిఖీకి. అక్కడ మొత్తం దాదాపు 4500 మార్కులు. ఆ తనిఖీలో మొదటి శ్రేణి పురస్కారమైన టాప్ ఫ్లైట్‌కు 94 శాతం రావాలి. అంటే మీరు పోగొట్టుకోగలిగినది దాదాపు 270 మార్కులు. ప్రతి భాగానికీ అసలుతనానికి వేరుగా, స్థితికి వేరుగా మార్కులు ఉంటాయి. అసలుతనాన్ని ఐదు ప్రశ్నలుగా చూస్తారు: భాగం పూర్తిగా ఉందా, ఆకారం సరైనదేనా, దాని మీది తేదీ సరిపోతుందా, సరిగ్గా అమర్చారా, పైపూత సరైనదేనా. ఒక్కోటి ఐదో వంతు.

ఈ ఐదింటినీ ఒక బోల్టుకు పెట్టి చూడండి. ముప్పై ఏళ్ల పాత పసుపు బోల్టు, తల మీద కాస్త తుప్పు చుక్కలు: అసలుతనంలో ఏమీ పోదు, స్థితిలో కొంచెం పోతుంది. అదే బోల్టుకు నల్ల రంగు: స్థితి మార్కులు వస్తాయి, పైపూత దగ్గర పోతాయి. స్టెయిన్‌లెస్ బోల్టు: పైపూత పోయింది, తల మీది గుర్తు మారింది కాబట్టి ఆకారం కూడా పోయింది. డబ్బు, శ్రమ పెరిగిన కొద్దీ మార్కులు తగ్గాయి. బంగారు స్ప్రే సంగతి అడిగారు కాబట్టి: అసలు క్రోమేటు పసుపు ఒకే రంగు కాదు. పావురం మెడ మీద ఎండ పడినప్పుడు చూడండి, ఆకుపచ్చ, గులాబి ఛాయలు కదులుతాయి. పసుపు బోల్టులో ఆ కదలిక ఉంటుంది. స్ప్రేలో ఉండదు. చూసే వారికి రెండు అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

అసలు భాగానికి ఎంత విలువ ఇవ్వాలో నాకు నేర్పింది ఒక తెల్ల కారు. 1992 జూలై 2న అమెరికాలోని బౌలింగ్ గ్రీన్ ఊరి ఫ్యాక్టరీలో పది లక్షలవ కార్వెట్ తయారైంది. 2014 ఫిబ్రవరి 12న అక్కడి కార్వెట్ మ్యూజియంలో నేల కుంగి ఎనిమిది కార్లు గుంతలో పడ్డాయి, వాటిలో ఇదీ ఉంది. షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వారు బాగుచేయడానికి విప్పితే, భాగాల మీద లోపలి వైపు ఆ రోజు దాన్ని తయారుచేసిన కార్మికుల సంతకాలు కనిపించాయి. కొత్త భాగం వేయడం తేలికైన చోట కూడా సంతకం ఉన్న పాతదాన్ని నిలబెట్టడానికే పాటుపడ్డారు. 2015 సెప్టెంబరులో ఆ కారు మళ్లీ అందరి ముందుకు వచ్చింది. మీ కారులో సంతకాలు ఉండకపోవచ్చు. బోల్టు తల మీద దాన్ని తయారుచేసిన కంపెనీ గుర్తు ఉంటుంది.

పూత పోగొట్టుకున్న వారు ఏం చేయాలి? బోల్టులు పారేయకండి. మళ్లీ పూత పూయించవచ్చు. కానీ ముందు వాటిని రెండుగా విడదీయండి. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టు: వీటి బోల్టులు ఒక పక్కకు. మిగిలినవి ఇంకో పక్కకు.

మొదటి కుప్పను ఆమ్లంలో గానీ పూతకు గానీ పంపవద్దు. గట్టి ఉక్కు ఆమ్లంలో ఉన్నప్పుడు హైడ్రోజన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. చూడడానికి బోల్టు మామూలుగానే ఉంటుంది, బిగించినప్పుడు కూడా ఏమీ తెలియదు. తరువాత ఎప్పుడో, బరువు మోస్తుండగా, పుటుక్కున విరుగుతుంది. తల మీద 10.9 అని (ఎక్కువ గట్టిదనానికి గుర్తు) ఉన్నవాటిని నేను ఈ విషయంలో అసలు నమ్మను. పూత పూసిన కొద్ది గంటల్లోపే 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం నాలుగు గంటలు ఉంచితే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. మంచి పూత దుకాణాలు ఆ పని చేస్తాయి. అయినా మనుషుల ప్రాణం ఆధారపడిన చోట నా మాట ఒక్కటే: మొదటి కుప్పలో వెనిగర్ తగిలినవి ఉంటే కొత్తవి కొనండి, అదే కొలత, అదే గట్టిదనం. మార్కులు పోతే పోనివ్వండి.

రెండవ కుప్పను జింకు పూత దుకాణానికి పంపండి. వారికి "పసుపు క్రోమేటు" అని స్పష్టంగా చెప్పండి. ఈ రోజుల్లో ఎక్కువమంది వాడే త్రిసంయోజక (ట్రైవాలెంట్) క్రోమియం పసుపులో పావురం మెడ ఛాయ తక్కువ. పాత షట్సంయోజక (హెక్సావాలెంట్) క్రోమియం పద్ధతి చేసే దుకాణాలు ఇంకా ఉన్నాయి, దొరికితే అదే అడగండి. ఇంట్లో మాత్రం ఆ ద్రావణం కలపవద్దు, అది క్యాన్సర్ కారకం. పూత రెండుసార్లు పూయించవద్దు. మరచుట్ల మీద పూత నాలుగు వైపుల నుంచి లెక్కకు వస్తుంది: పది మైక్రాన్ల పూత మర వ్యాసాన్ని నలభై మైక్రాన్లు పెంచుతుంది, నట్టు ఎక్కదు. తిరిగి వచ్చాక ఒక రోజంతా ముట్టుకోకండి, కొత్త క్రోమేటు పొర మెత్తగా ఉంటుంది, గోటికే గీత పడుతుంది.

దుకాణంలో బోల్టులన్నిటినీ ఒకే పీపాలో వేసి తిప్పుతారు. మీరు కట్టిన చీటీలు మిగలవు. నేను ఒకసారి రెండు కార్ల బోల్టులు కలిపి పంపి, వేరు చేయడానికి నెల రోజులు తీసుకున్నాను. అప్పటి నుంచి పంపే ముందు గళ్ల కాగితం మీద ప్రతి బోల్టునూ పడుకోబెట్టి, పక్కన దాని చోటు రాసి, పైనుంచి ఫోటో తీస్తాను. విప్పేటప్పుడు క్రమం తప్పకుండా ఉండడానికి ఇడ్లీ పళ్లేలు వాడతాను. ఒక పళ్లెంలో నాలుగు గుంతలు, ఒక్కో గుంతకు ఒక్కో బ్రాకెట్టు, పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇంజన్ ఎడమ పక్క మొత్తం ఒకే చోట ఉంటుంది. ఆ పళ్లేలు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

పూత ఇంకా ఉన్న బోల్టులు మిగిలిన అదృష్టవంతులకు: వైరు బ్రష్షు తాకించవద్దు, ఇత్తడి బ్రష్షు కూడా వద్దు. గోరువెచ్చని నీళ్లు, మెత్తని టూత్ బ్రష్షు, కొద్దిగా గిన్నెల సబ్బు. నేను కుంకుడు రసం వాడతాను. మా అమ్మ నగలు కడిగే పద్ధతి, జిడ్డు వదులుతుంది, పసుపు చెదరదు, కానీ నానబెట్టను, కడిగి వెంటనే ఆరబెడతాను. తరువాత మైనం పలుచగా రాసి తుడిచేయడం. అంతే.

ఏ బోల్టుకు ఏ పూత అని జాబితా ఇవ్వమని అడిగారు. ఇవ్వను. సంవత్సరానికి సంవత్సరానికి మారుతుంది, మీ కారే చెప్పాలి. బోల్టు తల అడుగున, వాషరు కింద, బ్రాకెట్టు నొక్కుకున్న చోట ఎండా వానా తగలవు. అక్కడ భూతద్దంతో చూడండి. పసుపు ఉంటే పసుపు. వెండి తెలుపు ఉంటే పసుపు లేని జింకు. మెరుపు లేకుండా నల్లగా, నూనె పీల్చినట్టు ఉంటే ఫాస్ఫేటు పూత, దానికి రంగు కాదు, నూనె కావాలి. ఏమీ లేకుండా ఉక్కు రంగే ఉంటే వట్టి ఉక్కు, గత పాఠంలోని వెనిగర్ వీటికే.

ఇంకొక్క మాట, అత్యవసరం. ఇంజన్ ముందు, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్ ఎదుట చిన్న చదునైన చోటు ఉంటుంది, దాని మీద అంకెలు గుద్ది ఉంటాయి. దాన్ని గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేయవచ్చా అని ఒకరు అడిగారు. వద్దు. ఆ చదును మీద యంత్రం కోసిన సన్నని గీతలు ఉంటాయి. అవి చెరిగితే అంకెలు తరువాత ఎవరో గుద్దారన్న అనుమానం వస్తుంది, ఆ అనుమానాన్ని తీర్చడం మీ వల్ల కాదు. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవండి, చాలు.

అభ్యాసం. ఈసారి ఒక్క బోల్టు కూడా విప్పవద్దు. బానెట్టు ఎత్తి, పైనుంచి కనిపించే ప్రతి బోల్టుకూ ఒక వరుస చొప్పున పట్టిక రాయండి: చోటు, తల కొలత, తల మీది గుర్తు, ఇప్పుడున్న రంగు, దాగిన అంచున కనిపించే రంగు, అసలుదా మార్చినదా అని మీ అంచనా. వంద దాటుతుంది, రెండు వారాంతాలు పడుతుంది. తల మీద మూడు గీతలున్నవి, ఆరు గీతలున్నవి అంగుళాల కొలతవి, అంకెలున్నవి మిల్లీమీటర్లవి. ఈ కారులో రెండూ ఉంటాయి, ఇంజన్ మీద ఎక్కువగా అంగుళాలవి. పట్టిక మొదటి వరుసలో డ్రైవరు తలుపు మీది చీటీలో ఉన్న తయారీ నెల రాయండి. వచ్చే పాఠంలో గొట్టాల మీది తేదీలను దానితో పోల్చాలి. పట్టికతోపాటు మీకు అనుమానం వచ్చిన పది బోల్టుల ఫోటోలు తీసి పెట్టుకోండి, తల మీది గుర్తు చదవగలిగేంత దగ్గరగా.