చేత్తో నడిపితే సరిగ్గా వస్తోంది, క్రాన్‌లో పెడితే తేడా కొడుతోందా?

స్క్రిప్టు మీరు నడిపితే రిపోర్టు సరిగ్గా వస్తుంది, క్రాన్‌లో (చెప్పిన టైముకి ప్రోగ్రాముల్ని వాటంతటవే నడిపే సర్వర్ సదుపాయం) పెడితే రాదు, లేదా తప్పుగా వస్తుంది. విజయవాడ, గుంటూరు చిన్న ఆఫీసుల్లో ఇది చాలాసార్లు చూశాను. రెండోసారి తేడా రాగానే "ఆటోమేషన్ వద్దు, రోజూ ఎవరో ఒకరు కూర్చుని నడపండి" అనేస్తారు. ఆ మాట అనేముందు లాగ్ (స్క్రిప్టు నడిచినప్పుడు ఏం జరిగిందో రాసుకునే ఫైలు) తెరవండి. అసలు లాగే పెట్టకుండా క్రాన్ పనిచేయట్లేదంటే ఎలా?

రిపోర్టు అసలు రాకపోతే: లాగ్‌లో "కమాండ్ నాట్ ఫౌండ్" అని ఉంటే అది పాత్ సమస్య, అంటే ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉందో క్రాన్‌కి తెలియట్లేదు. టెర్మినల్లో మీకున్న సెట్టింగులు క్రాన్‌కి ఉండవు. ప్రోగ్రామ్‌కి పూర్తి పాత్ రాయండి, అయిపోతుంది.

రిపోర్టు వస్తోంది, ఎర్రర్ లేదు, కానీ తేదీ నిన్నటిది: మనుషుల్ని ఏడిపించేది ఇదే. క్లౌడ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) టైములో ఉంటాయి, మనం 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకి పొద్దున 5కి ఆరోజు లిస్టు కావాలనుకోండి. క్రాన్‌లో 5 అని రాస్తే మనకి 10:30కి వస్తుంది, అది మొదటిరోజే దొరికిపోతుంది కాబట్టి ఎవరో దాన్ని 23:30కి మారుస్తారు. టైము కుదిరింది, కానీ అప్పుడు సర్వర్‌కి ఇంకా నిన్నే. స్క్రిప్టు "ఈరోజు" అని అడిగితే నిన్నటి తేదీ ఇస్తుంది. మీరు ఆఫీసుకొచ్చి 10 గంటలకి చేత్తో నడిపితే అక్కడ 4:30, తేదీ ఒకటే, అంతా సరిగ్గా కనిపిస్తుంది. అందుకే పగలు ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఈ తప్పు దొరకదు. ఒకటో తేదీన మరీ ఘోరం: ఏప్రిల్ 1 పొద్దున "గత నెల" లెక్క అడిగితే, సర్వర్‌కి ఇంకా మార్చి 31 కాబట్టి ఫిబ్రవరి లెక్క వచ్చి కూర్చుంటుంది.

సర్వర్ మీ ఒక్కరిదే అయితే టైమ్‌జోన్‌ని ఏషియా/కోల్‌కతాకి మార్చి, క్రాన్ సర్వీసుని రీస్టార్ట్ చేసి, షెడ్యూల్‌ని మళ్లీ 5కి తేవాలి. ఈ చివరిది మర్చిపోతే లిస్టు రాత్రి 11:30కే వచ్చేస్తుంది. ఇంకెవరైనా వాడుతుంటే సర్వర్ జోలికి పోకుండా, కోడ్‌లోనే భారత టైమ్‌జోన్ చెప్పి తేదీ తీసుకోండి. డేటాబేస్ టైమ్‌జోన్ వేరేగా ఉండొచ్చు, అదీ చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, స్క్రిప్టు తేదీని బయటి నుంచి తీసుకునేలా రాయండి. క్రాన్ భారత టైము ప్రకారం ఈరోజు తేదీ ఇస్తుంది, ఏదో ఒకరోజు తప్పిపోతే మీరు చేత్తో ఆ తేదీ ఇచ్చి అదే స్క్రిప్టు నడుపుతారు. చేత్తో చేసేదానికి ఒక దారి, ఆటోమేటిక్‌కి ఇంకో దారి పెట్టుకున్న చోటే లెక్కలు తేడా వస్తాయి. రైతుకి డబ్బు పంపే స్టెప్ మాత్రం మనిషి చూసి నొక్కేలాగే ఉంచండి, అక్కడ తప్పు జరిగితే డబ్బు వెనక్కి రావడం కష్టం.

డిస్క్ నిండిపోవడం, ఫైల్ పర్మిషన్లు, క్రాన్ లైనులో పర్సెంట్ గుర్తు వల్ల కమాండ్ తెగిపోవడం కూడా ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి వెళ్లండి.